న్యుండో సుత్తి ముట్టని రోజు

చిసొంగా బజారులో దొంగను తగలబెట్టాలంటే ముందు పాత టైరొకటి కావాలి. పాత టైరు కావాలంటే జైరోసి కొట్టుకు రావాలి. బజారు మొత్తంలో అంత గుట్ట మరెవరి దగ్గరా లేదు. అందుకని ఆ శనివారం పొద్దున ఒక కబాజావాడు, అంటే సైకిలు వెనక సీటు మీద జనాన్ని మోసి బతికేవాడు, రొప్పుకుంటూ వచ్చి టైరు అడిగితే, ఎందుకని జైరోసి అడగలేదు. గుట్టలోంచి ఒకటి లాగాడు. గోరుతో గీరి చూశాడు. ఇంకా ఒక వానాకాలం నడుస్తుందనిపించి దాన్ని పక్కన పెట్టి, దారాలు తేలినదాన్ని వాడి ముందు పడేశాడు. పనికొచ్చే టైరును దొంగ మీద వేయడం అతని దృష్టిలో దుబారా.

ఆ తరువాత, మాటవరసకన్నట్టు, దొంగ ఎవడని అడిగాడు.

"ఎవడో ఎర్ర సైకిలు ఎత్తుకొచ్చాడంట అన్నా. పేరు లెవిసోని అని మొత్తుకుంటున్నాడు," అని వాడు టైరును భుజానికి తగిలించుకుని పోయాడు.

లెవిసోని జైరోసి భార్య ఫలేసికి తోడబుట్టిన తమ్ముడు. మనిషి మీద ఎంత కసి ఉన్నా, బామ్మర్దిని కాల్చడానికి బావ కొట్టులోంచి టైరు వెళ్లడమనేది ఏ కులంలోనూ మర్యాద కాదు. జైరోసి చేతిలో ఉన్న సుత్తిని అలాగే పట్టుకుని, పనిముట్ల పెట్టెను చంకన ఇరికించుకుని పరుగెత్తాడు.

సైకిలు స్టాండు కొంచెం దూరమే. అతను పరుగెత్తే లోపల అతని గురించి నాలుగు మాటలు చెప్పుకోవచ్చు.

అతన్ని జైరోసి అని పిలిచేది భార్య, పాస్టరు మాత్రమే. బజారుకు అతను న్యుండో, అంటే సుత్తి. ఆ సుత్తి చేతికొచ్చాక చెయ్యి పెరిగిందో, చెయ్యి పెరిగాక సుత్తి మొలిచిందో ఎవరికీ తెలియదు. తాతగారు రైల్వేలో పనిచేశారు. ఉద్యోగం మానేసిన రోజున జానెడు పొడవు రైల్వే ఉలి ఒకటి ప్యాంటు కాలిలో పెట్టుకుని ఇంటికి నడిచివచ్చారు. ఆ కుంటినడక గురించి కుటుంబంలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. రైల్వేవారి సమ్మతి గురించి మాత్రం ప్రస్తావన లేదు. ఆ ఉలి తండ్రికి, తండ్రి నుంచి జైరోసికి వచ్చింది. సుత్తి సొంతంగా కొనుక్కున్నాడు.

ఈ రెండింటితో అతను ఒక తత్వాన్ని నిర్మించాడు. లోకంలో వస్తువులు రెండు రకాలు: ఊడినవి, ఇంకా దెబ్బ సరిగ్గా పడనివి. పెడలు కడ్డీని పట్టుకునే పిన్ను రాకపోతే కొట్టు. ఇరుసు చివర మరతో బిగించిన గిన్నెలాంటి కప్పు తిరగకపోతే దాని అంచుకు ఉలి ఆనించి కొట్టు. పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం ఉందే, సైకిలుకు అదే గుండెకాయ. అక్కడ అతను పని చేస్తుంటే సొంతదారులు ఫ్రేమును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకునేవారు. వైద్యం ఫలించి రోగి పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. గొట్టం చీలిన ఫ్రేములు అతని కొట్టు వెనక పశువుల ఎముకల్లా పడి ఉండేవి. అయినా జనం అతని దగ్గరికే వచ్చేవారు, ఎందుకంటే మిగతా మెకానిక్కులు రాదని చెప్పి తిప్పి పంపేవారు. న్యుండో ఏనాడూ రాదనలేదు. ఏదో ఒకటి వచ్చేది.

మనుషుల విషయంలోనూ ఇదే పద్ధతి. మేకమాంసం అమ్మే కుంబుకాని తలతో గుద్దాడు. రొట్టెలవాణ్ణి రొట్టెల పెట్టెతోనే కొట్టాడు. ఒకసారి మేకను కూడా కొట్టాడు, అది మొదట కొట్టిందని అతని వాదన. ఇంట్లో మాత్రం యుద్ధం లేదు. పెళ్లైన కొత్తలో చెయ్యెత్తితే, ఫలేసి మందాసి ఉండలు వేయించే గరిటెను కాగిన నూనెలోంచి తీసి అతని మోచేతికి ఆనించింది. ఆ మచ్చను ఆమె సంధిపత్రం అనేది.

పైగా అతను ఇల్లరికపు అల్లుడు. ఆ ప్రాంతంలో అందరూ అంతే; మగవాడు పక్కబట్ట పట్టుకుని భార్య ఊరికి వస్తాడు, పొమ్మంటే అదే పక్కబట్టతో పోతాడు. ఉండమనాలో పొమ్మనాలో చెప్పేది భార్య తోబుట్టువు. ఆ పెళ్లికి పూచీ అతనే. అంటే జైరోసి సంసారానికి పూచీ లెవిసోని.

లెవిసోని నెమ్మదైనవాడు. జోనీ అనే పరదేశపు మహానగరానికి వెళ్లి అక్కడొక సైకిలు షాపులో కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు. వస్తూ వస్తూ అందరిలా దుప్పట్లూ రేడియోలూ తేకుండా, బావ కోసం గుడ్డలో చుట్టి మూడు పానాలు తెచ్చాడు. ఇరుసు గొట్టం చివరి రింగును పట్టి తిప్పే కొక్కెం పానా ఒకటి. ఎడమ కప్పు రంధ్రాల్లో దూరే రెండు పళ్ల పానా ఒకటి. కుడి కప్పు పలుచని అంచును పట్టే వెడల్పు నోటి పానా ఇంకొకటి. జైరోసి వాటిని తిప్పి తిప్పి చూసి, ఇవి ఏ చెవికి పెట్టుకోవాలని అడిగాడు. అయినా బామ్మర్ది కదా అని, పాత సామాన్లతో అతనికో సైకిలు కట్టి ఎర్రరంగు వేసి ఇచ్చాడు. ఇరుసు చుట్టూ ఫలేసి కట్టుకునే చితెంజె గుడ్డలోంచి చింపిన పేలిక చుట్టాడు, పచ్చ రంగు మీద పసుపు పక్షులు. ఇది అతని కొట్టు ఆనవాయితీ. ప్రతి సైకిలుకూ ఆ ఇంటి ఆడమనిషి గుడ్డ పేలిక ఇరుసుకు చుట్టేవాడు. దుమ్ము లోపలికి పోదు. పైగా దొంగ రంగు మారుస్తాడు, గంట మారుస్తాడు, సీటు మారుస్తాడు. ఇరుసు గొట్టం మాత్రం విప్పడు, ఎందుకంటే దాన్ని విప్పడం దొంగతనం కంటే కష్టం.

ఆ మర్నాడు పొద్దున రైల్వే ఉలి చూస్తే ఒక మూల లేదు. వేలిగోరంత ముక్క ఎగిరిపోయింది. ముందురోజు సాయంత్రం లెవిసోని ఆ ఉలితో కట్టెలు చీల్చాడని ఫలేసి పొరపాటున అనేసింది. విచారణ అక్కడితో ముగిసింది. జైరోసి గుద్దిన గుద్దుకు బామ్మర్ది పైపన్ను ఊడింది. అతను తిరిగి కొట్టలేదు. పన్నును అరచేతిలోకి ఉమ్మి, రుమాలులో కట్టుకుని, "నీ ఉలి మూల నేను తినలేదు బావా," అన్నాడు. జైరోసి ఆ మూడు పానాలనూ కంచె మీదుగా అతని వెనకాల ఒక్కొక్కటే విసిరాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. లెవిసోని ఎర్ర సైకిలు మీద కొట్టు ముందు నుంచి వెళ్లేవాడు. అందరికీ గంట కొట్టేవాడు, బావకు కొట్టేవాడు కాదు.

ఇంతలో జైరోసి స్టాండు చేరుకున్నాడు.

లెవిసోనిని సైకిళ్లు ఆనించే ఇనుప కమ్మికి కట్టేశారు. ఒక కన్ను మూసుకుపోయింది, చెవి చిరిగి రక్తం చొక్కా కాలరులోకి కారుతోంది, కాళ్ల దగ్గర అప్పటికే తగిలిన ఇటుకలు, చుట్టూ జనం చేతుల్లో ఇంకా తగలనివి. టైరు మెడలో పడింది. ఎవడో కిరోసిన్ డబ్బా మూత తిప్పుతున్నాడు. జైరోసి జనంలోకి మాటతో కాక తలతో దూరాడు. మొదటివాడి ముక్కు చితికింది, రెండోవాడు సుత్తి పిడి పొట్టలో దిగి కూర్చుండిపోయాడు. వెనక నుంచి ఎవడో విసిరిన ఇటుక జైరోసి నెత్తిన పడి రెండు ముక్కలైంది. అతను ఆ విషయం గమనించినట్టు లేదు. నేరుగా వెళ్లి బామ్మర్ది మెడలోంచి టైరు లాగి, "ఇది నాది," అన్నాడు.

స్టాండు చైర్మన్ నసోలో అప్పుడు లేచాడు. ఎంత ఎండైనా కోటు విప్పని మనిషి. మనిషిని కాల్చడంలోనైనా ఒక క్రమం ఉండాలని నమ్మేవాడు. ఫిర్యాదు ముందు, కిరోసిన్ తరువాత అని ప్రకటించి, ఫిర్యాదిని పిలిచాడు.

ఫిర్యాది మలిజాని. సరస్సు ఒడ్డు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే వ్యాపారి. ఇలాంటి ఎర్ర సైకిలే తనది పోయిందట, ఇదే సీటట, ఇదే వంకర మడ్‌గార్డట. అతను అబద్ధమాడుతున్నట్టు లేదు. తన సైకిలు మీద నిజమైన ప్రేమతో ఏడుస్తున్నాడు. అదే ప్రమాదం. నిజంగా ఏడ్చేవాణ్ణి చూస్తే జనానికి ఇటుక తేలికవుతుంది.

లెవిసోని పగిలిన పెదవులతో, సైకిలు తన బావ కట్టిందనీ, ఇరుసు గొట్టంలో తన అక్క పచ్చగుడ్డ పేలిక ఉంటుందనీ చెప్పాడు. విప్పి చూసుకోమన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే జైరోసి సైకిలును నేల మీద పడేసి, మోకాలితో తొక్కి, సుత్తి ఎత్తాడు.

"ఆపండి," అన్నాడు మలిజాని. "చైర్మన్ గారూ, నా బండిని ఈయన చేతికిస్తే గొట్టం పొడైపోద్ది. ఆ పొడి చూపించి ఇదే మా ఆవిడ గుడ్డంటాడు."

జనం నవ్వారు. ఇటుకలు పట్టుకుని నవ్వారు. అక్కడున్నవారిలో న్యుండో చేతిలో ఇరుసు గొట్టం చీలని ఇల్లు లేదు. ముక్కు చితికినవాడు కూడా రక్తం మింగుతూ తలాడించాడు. చైర్మన్ గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. ఇరుసు అందరి ముందూ విప్పాలి. గొట్టం చీలకూడదు. పనిముట్లు జైరోసి పెట్టెలోవి కాకుండా బయటివి అయ్యుండాలి. మధ్యాహ్నపు బొగ్గు రైలుబండి బజారు దాటే లోపల పని అయిపోవాలి.

"సుత్తి మాత్రం ముట్టకూడదు," అని ముగించి, సుత్తినీ పెట్టెనూ తన కుర్చీ కింద పెట్టించుకున్నాడు.

సుత్తి లేని జైరోసి బజారులో నడిచిన ఆ నడక చూసినవారు తరువాత చాలాకాలం చెప్పుకున్నారు. కుడి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదట.

ముందు పెడలు కడ్డీల పిన్నులు రావాలి. కొట్టకుండా రావాలంటే నొక్కాలి. నొక్కాలంటే బిగింపు మర కావాలి. బజారులో అలాంటిది శవపేటికల వడ్రంగి కద్జోంబె దగ్గర ఒక్కటే ఉంది. కద్జోంబె పేటిక మూతకు బిగించి ఉన్న మరను విప్పుతూ, సంతోషంగా ఇస్తాననీ, గొట్టం తెరుచుకోకపోతే మాత్రం కొలతలకు మళ్లీ రావలసిన పని లేదనీ, లెవిసోని ఎత్తు కంటితోనే చూసుకున్నాననీ చెప్పాడు. ఆయన వృత్తిధర్మం ఆయనది.

కొక్కెం పానా కోసం వెతకనక్కర్లేదు. కంచె దాటి పడిన రోజునే అది ఎవరి చేతికి చిక్కిందో బజారంతటికీ తెలుసు. కుంబుకాని అంగట్లో మేక తల దానికే వేలాడుతోంది. కుంబుకాని ముక్కు ఇంకా ఒక పక్కకే ఉంది, జైరోసి తల చేసిన పని అది. కొక్కెం అడిగితే అతను కత్తి నూరుతూ వినిపించుకోలేదు. జైరోసి మేక తలను పట్టుకుని గుంజాడు. కుంబుకాని అతన్ని పేగుల తొట్టిలోకి తోశాడు. ఇద్దరూ ఆ తొట్టిలో కాసేపు పొర్లాడారు. తల గుద్దడానికి జైరోసి మెడ వెనక్కి వంచాడు కూడా. అక్కడ ఆగిపోయాడు. ముక్కు ఇంకోసారి విరిస్తే కొక్కెం రాదు. జీవితంలో మొదటిసారి అతను దెబ్బకు ముందు ఆలోచించాడు. అది ఎంత నొప్పిగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"కొట్టుకో," అన్నాడు లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని. "రెండు. తరవాత ఆ కొక్కెం ఇయ్యి."

కుంబుకాని రెండే కొట్టాడు, కానీ తీరిగ్గా కొట్టాడు. మొదటిది దవడకు, రెండోది పక్కటెముకలకు. ఎముక పలికిన శబ్దం పక్క అంగడిదాకా వినిపించింది. జైరోసి పిడికిళ్లు వీపు వెనక వాటంతట అవే తెరుచుకుని మూసుకున్నాయి. తరువాత కుంబుకాని మేక తలను జాగ్రత్తగా పక్కన పెట్టి, కొక్కెం పానాను ఏప్రానుకు తుడిచి, కొత్త పెళ్లికూతుర్ని అప్పగించినట్టు అప్పగించాడు.

రెండు పళ్ల పానా కోసం ఇంటికి పరుగెత్తబోతే, స్టాండు దగ్గరే ఫలేసి ఎదురొచ్చింది. కబురు విని, పొయ్యి మీద ఉన్న మందాసి బాణలిని నూనెతో సహా ఎత్తుకుని వస్తోంది. కాగిన నూనె ముందు జనం తమంతట తామే రెండుగా చీలారు. వేడి బాణలి చెవిని ఆమె పట్టుకుని ఉన్నది ఆ రెండు పళ్ల పానాతోనే. విసిరినవి ఏరుకుని వాడుకునేంత పొదుపు ఆ ఇంట్లో ఒకరికి ఉంది.

"నా తమ్ముడి మీద ఇంకో ఇటక పడిందో, ఈ నూనె ఎవరి నెత్తినన్నది నేను చూసుకోను," అని ఆమె నెమ్మదిగానే చెప్పింది. బాణలి దించి, పానా మొగుడి చేతిలో పెట్టి, అతని పగిలిన నెత్తి, వాచిన దవడ, పేగులంటిన చొక్కా చూసి, సైకిలు వైపు గడ్డం ఎత్తింది.

పని మొదలైంది. చైర్మన్ తన కోటు విప్పి నేల మీద పరిచాడు, సాక్ష్యం దాని మీదే పడాలని. శవపేటిక మరలో పిన్ను బిగించి తిప్పితే అది టక్కున ఒక్క మాట చెప్పి బయటికి జారింది. జనం నిట్టూర్చారు, ఏదో మోసం జరిగినట్టు. కొక్కెం పానాకు రింగు కాస్త మూలిగి తిరిగింది. రెండు పళ్లు రంధ్రాల్లో పెట్టి లాగితే ఎడమ కప్పు పాత తలుపులా ఏడుస్తూ ఊడింది. ఎక్కడా దెబ్బ లేదు. జైరోసి మొహంలో అవమానమూ ఆశ్చర్యమూ సగం సగం ఉన్నాయి. ఇన్నేళ్లూ ఇవి ఇలా కూడా వచ్చేవా అన్న అనుమానం లోపల ఎక్కడో ఎలుకలా కొరుకుతోంది.

ఇరుసు బయటికి వచ్చింది. దాని చుట్టూ పేలిక ఉంది. నల్లగా, అడుగంటిన న్సీమా సంకటి మాడులా ఉంది.

మలిజాని వంగి చూశాడు. "నా బండిలోనూ పేలిక ఉంది. మా ఊళ్లో మెకానిక్కులూ చుడతారు. నల్లదే," అన్నాడు.

తమ్ముణ్ణి కాల్చడానికి వాళ్లు తెచ్చిన కిరోసిన్ డబ్బాను ఫలేసి లాక్కుని, ఆ కిరోసిన్‌తోనే పేలికను ఉతికింది. రుద్దింది, పిండింది, మళ్లీ ఉతికింది. పచ్చ రాలేదు. పక్షులూ రాలేదు. గ్రీజు తాగిన గుడ్డకు రంగు గుర్తుండదు. చివరికి కాలిన జుట్టు రంగులో ఒక ముద్ద మిగిలింది. జనంలో గొణుగుడు పెరిగింది. దూరంగా, వంతెన అవతల, బొగ్గు బండి కూత వినిపించింది. ఆ బండి ఏనాడూ వేళకు రాదు. ఈవేళ వచ్చింది.

మొదటి ఇటుక లెవిసోని భుజానికి తగిలి చిట్లింది. రెండోది పొట్టకు తగిలింది. అతను కమ్మికి వేలాడుతూ వాంతి చేసుకున్నాడు. ఫలేసి గరిటెడు నూనె తీసి ఇటుకలు వచ్చిన వైపు చిలకరించింది. ఆ వైపు నుంచి కాలిన కేకలు వచ్చాయి, ఇటుకలు కొంచెం ఆగాయి.

జైరోసి ఖాళీ గొట్టంలోకి వేలు పెట్టాడు. ఎందుకో అతనికీ తెలియదు. పేలిక తునక ఏదైనా మిగిలిందేమోనని కావచ్చు. కుడి చివర, కప్పు వెనకాల, తుప్పు గడ్డలో ఏదో వేలిని కోసింది. లోతుగా కోసింది. వేలు తీస్తే రక్తం గొట్టంలోంచి ధారగా కారింది. సైకిలు ఇరుసులో వేలు తెగేంత పదునైనది ఏదీ ఉండకూడదు.

అది బయటికి రావాలంటే కుడి కప్పు ఊడాలి. కుడి కప్పు ఊడదని జైరోసికి తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కటీ ఊడలేదు. అవి పుట్టుకతోనే అతుక్కుని ఉంటాయని నలుగురికీ చెప్పేవాడు. అయినా వెడల్పు నోటి పానా ఎక్కడుందని అరిచాడు. చర్చిలో గంటకు బదులు వేలాడే చక్రాన్ని వాయించేది దానితోనేనని పాస్టరు తలవంచుకుని ఒప్పుకున్నాడు. ఎవరో పరుగున తెచ్చారు. పానా నోరు కప్పు అంచును చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంది. జైరోసి బలమంతా పెట్టి లాగాడు. కదల్లేదు. ముక్కు చితికినవాణ్ణి కూడా పట్టమన్నాడు, వాడూ పట్టాడు. ఇద్దరి మెడ నరాలూ ఉబ్బాయి. పానా జారి జైరోసి పక్కటెముకల మీదే తగిలింది, సరిగ్గా కుంబుకాని కొట్టిన చోట.

అప్పుడు కమ్మి దగ్గర నుంచి, ఇన్నేళ్లకు, బామ్మర్ది గొంతు వినిపించింది.

"అటు కాదు బావా. కుడి పక్కది ఎదురు మర. నువ్వు బిగిస్తున్నావు."

జైరోసి పానా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ సైకిలు కట్టిన సాయంత్రం కళ్ల ముందుకు వచ్చింది. ఇదే కుడి కప్పు మార్చాలని చూశాడు. రాకపోతే గొట్టంలోంచి రైల్వే ఉలి పెట్టి, ఇదే వైపుకు, చెయ్యి తిమ్మిరెక్కేదాకా కొట్టాడు. కొట్టిన ప్రతి దెబ్బా బిగించిన దెబ్బే. చివరి దెబ్బకు ఏదో చిట్లిన చప్పుడైంది. కప్పే చిట్లిందనుకుని, కోపంతో గ్రీజు పూసి, పేలిక చుట్టి మూసేశాడు. ఉలి వంక చూడనైనా చూడలేదు. లోపల వేలు కోసింది ఏమిటో అతనికి ఇప్పుడు తెలిసింది. దాన్ని బయటికి తీస్తే బామ్మర్ది దొంగ కాదని తేలుతుంది, బావ ఎవడో కూడా తేలుతుంది. తీయకపోతే బండి వచ్చేస్తోంది.

పానాను ఎదురు తిప్పాడు. ఒంటి చేత్తోనే. కప్పు, ఇంతకాలం ఎవరైనా మర్యాదగా అడుగుతారేమోనని చూస్తున్నట్టు, మెత్తగా తిరిగి వచ్చేసింది.

గొట్టాన్ని కోటు మీద కుమ్మరిస్తే తుప్పు పొడి, బేరింగు గోళీలు, వాటి మధ్య వేలిగోరంత ఉక్కు ముక్క పడ్డాయి. జైరోసి కుర్చీ కింద నుంచి పెట్టె లాగి, రైల్వే ఉలిని తీసి చైర్మన్ చేతిలో పెట్టాడు. చైర్మన్ ముక్కను ఉలి మూలకు ఆనించాడు. తాతకు మనవడు దొరికినట్టు అది వెళ్లి తన చోట కూర్చుంది. మలిజాని దాన్ని తీసి తిరగేసి పెట్టి చూశాడు, పక్కకు పెట్టి చూశాడు. అది ఒక్క విధంగానే కూర్చుంది. ఆ మొండి ఉలిని బజారులో ఎరగనివాడు లేడు; ఆ మూల కోసం ఎవడి పన్ను పోయిందో కూడా ఎరగనివాడు లేడు.

బొగ్గు బండి బజారు దాటి వెళ్లిపోయింది. ఎవరూ చూడలేదు.

అయితే తన సైకిలును ఇంకెవడో తొక్కుతున్నాడన్నమాట అని మలిజాని గొణిగి, వెనక్కి ఒక అడుగు వేశాడు. అది తప్పు. ఎత్తిన ఇటుకను ఎవరూ ఊరికే దించరు, చేతులు నొప్పెడతాయి. ఒకడు అతని చేపల గంప తన్నాడు, మరొకడు కాలరు పట్టుకున్నాడు. టైరు కోసం ఎవడో జైరోసి వైపు చూశాడు కూడా.

ఈలోగా ఫలేసి తమ్ముడి కట్లు కోసింది. లెవిసోని కాళ్లు నిలవక కమ్మి పట్టుకుని, అడుగు మీద అడుగు వేసుకుంటూ వచ్చి, కోటు మీది ముక్కనూ ఉలినీ చూశాడు. వంగి చాలాసేపు చూశాడు. తరువాత జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో పసుపెక్కిన పన్ను ఉంది. ఇన్నేళ్లూ దాన్ని వెంట తిప్పుకున్నట్టున్నాడు.

"బావా," అన్నాడు. "నిలబడు."

జైరోసి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ విద్య ఆ పొద్దునే నేర్చుకున్నాడు. మలిజాని కాలరు పట్టుకున్నవాడు సరిగ్గా చూడటానికి కాలరు వదిలేశాడు. మలిజాని గంప వదిలి పరుగు లంకించుకున్నాడు, ఎవరూ వెంటపడలేదు. చైర్మన్ ఇది కొట్లాట కాదనీ, తీర్పు అమలు అనీ ప్రకటించాడు.

నెమ్మదైన మనిషి గుద్దు ఎలా ఉంటుందో చిసొంగా అప్పుడు చూసింది. జైరోసి తల వెనక్కి వెళ్లి, కాళ్లు పైకి లేచి, మనిషి తన టైరు మధ్యలోనే కూర్చున్నాడు. పైపన్ను, బామ్మర్దికి పోయిన పక్కదే, కోటు మీద గోళీల మధ్య పడింది. సాక్ష్యం అంతా ఒక్క చోటే ఉందని చైర్మన్ తృప్తిగా గమనించాడు. జనం ఇటుకలు దించారు. రక్తం చూడడానికి వచ్చారు, చూశారు, ఇక చేపలు ఏరుకున్నారు.

"ఇప్పుడు చెప్పు బావా," అన్నాడు లెవిసోని, నొప్పెడుతున్న పిడికిలి విదిలిస్తూ. "నీ ఉలి మూల ఎవడు తిన్నాడు?"

"నేనే," అన్నాడు జైరోసి. పన్ను లేక ఆ మాట గాలిగా వచ్చింది.

ఫలేసి ఇద్దరి నోళ్లూ చూసి, మొగుడూ తమ్ముడూ ఇప్పుడు కవల పిల్లల్లా ఉన్నారంది. పక్కబట్ట విషయం ఎవరూ ఎత్తలేదు.

సైకిలును మళ్లీ కట్టవలసి ఉంది. అక్కడే, మట్టిలో కూర్చుని మొదలుపెట్టారు. జైరోసి కుడి చెయ్యి అలవాటుగా కుర్చీ కింది సుత్తి దాకా వెళ్లింది. అక్క గొంతు సవరించుకున్న చప్పుడుకు లెవిసోని నవ్వాడు. చెయ్యి వెనక్కి వచ్చి వెడల్పు నోటి పానాను పట్టుకుంది. ఎటు బిగించాలని లెవిసోని అడిగాడు. ఎదురు, అన్నాడు జైరోసి, పాఠం ఒప్పజెబుతున్నవాడిలా. ఫలేసి కట్టుకున్న చితెంజె అంచులోంచి కొత్త పేలిక చింపి ఇచ్చింది, ఈసారి నీలం మీద ఎర్ర చేపలు. దాన్ని ఇరుసుకు చుడుతూ చుడుతూ జైరోసి ఆగి, కోటు మీది ఉక్కు ముక్క తీసుకుని, దీన్నేం చెయ్యమంటావని బామ్మర్దిని అడిగాడు. కొలిమిలో పెట్టి ఉలికి అతికించుకోవచ్చు. తాతగారి ఉలి మళ్లీ నిండుగా ఉంటుంది.

లెవిసోని ముక్కను అందుకుని వేళ్ల మధ్య తిప్పి, తిరిగి ఇచ్చేశాడు.

"లోపలే పెట్టెయ్ బావా," అన్నాడు. "మళ్లీ ఎవడో ఒకడు వస్తాడు, ఇది నా సైకిలని."